వర్చువల్ ప్రపంచంలో ఇల్లు, స్థలం అమ్మకం: సెకండ్ లైఫ్ ఆధారంగా ఒక వివరణ

వ్యాససంగ్రహం:

కంప్యూటర్ తెర మీద మాత్రమే కనిపించే వర్చువల్ ప్రపంచాలలోనూ మనుషులు స్థలాలు కొంటున్నారు, ఇళ్లు నిలుపుకుంటున్నారు, అవసరం తీరాక అమ్ముకుంటున్నారు. అటువంటి ప్రపంచాలలో ప్రసిద్ధమైన సెకండ్ లైఫ్‌ను ఆధారంగా చేసుకొని, అక్కడి ఇంటినీ స్థలాన్నీ అమ్మకానికి సిద్ధం చేసే విధానాన్ని వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. అక్కడ స్థలం, ఇల్లు, ఇంట్లోని వస్తువులు వేర్వేరు నియమాలకు లోబడి ఉంటాయి. కాబట్టి అమ్మకానికి సిద్ధం కావడమంటే అలంకరించడం కాదు, తనకు దేనిని ఇచ్చే హక్కు ఉందో తేల్చుకోవడమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. తెలుగువారి దస్తావేజు సంప్రదాయంలోని అష్టభోగాల భావన ఈ విషయాన్ని అర్థం చేసుకోవడానికి ఎలా తోడ్పడుతుందో కూడా పరిశీలిస్తుంది.

కీలకపదాలు: వర్చువల్ ప్రపంచం, సెకండ్ లైఫ్, స్థలం, అనుమతులు, బదిలీ, దస్తావేజు, అష్టభోగాలు.

1. ఉపోద్ఘాతం:

అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందిన లిండెన్ ల్యాబ్ సంస్థ సెకండ్ లైఫ్‌ను 2003 జూన్‌లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చింది. గెలుపు ఓటములున్న ఆటగా దీనిని చెప్పలేం. ఇందులో ప్రవేశించినవారు అవతార్ అనే రూపాన్ని ధరించి తిరుగుతారు, మాట్లాడుకుంటారు, వస్తువులు తయారుచేసి అమ్ముతారు. లిండెన్ డాలర్ అక్కడి చలామణి. దానిని లిండెక్స్ అనే మారకపు వేదికలో అమెరికన్ డాలర్లలోకి మార్చుకోవచ్చు. అక్కడి స్థలాల వ్యాపారంతో పేరు పొందిన ఆన్షీ చుంగ్ అనే అవతార్ 2006లో బిజినెస్‌వీక్ పత్రిక ముఖచిత్రమయింది. కాబట్టి ఇక్కడి కొనుగోలు, అమ్మకం ఊహామాత్రమైనవి కావు. తెర మీది స్థలం వెనుక అసలైన సొమ్ము ఉంది. కొందరి విషయంలో ఏళ్ల తరబడి చేసిన శ్రమ, స్నేహాల జ్ఞాపకాలు కూడా ఉన్నాయి.

2. సెకండ్ లైఫ్‌లో స్థలం స్వరూపం:

ఈ ప్రపంచంలో భూమికి మూల ప్రమాణం రీజియన్. ఒక్కొక్క రీజియన్ 256 మీటర్ల పొడవు, 256 మీటర్ల వెడల్పుతో 65,536 చదరపు మీటర్లుంటుంది. మన లెక్కలో సుమారు 16 ఎకరాలు. దీనిని చిన్న చిన్న పార్సెళ్లుగా విభజిస్తారు. అన్నిటికంటే చిన్న పార్సెల్ 16 చదరపు మీటర్లు.

అమ్మేవారు మొదట తెలుసుకోవలసింది తమ స్థలం ఏ కోవకు చెందిందన్న విషయం.

అ) మెయిన్‌ల్యాండ్: లిండెన్ ల్యాబ్ నేరుగా నిర్వహించే భూభాగం. ఇక్కడ వ్యక్తిగతంగా స్థలం కలిగి ఉండాలంటే రుసుము చెల్లించే సభ్యత్వం అవసరం. ఈ స్థలాన్ని ఇతరులకు అమ్మవచ్చు.

ఆ) ప్రైవేట్ ఎస్టేట్: ఒక యజమాని మొత్తం రీజియన్‌ను తీసుకొని, ముక్కలుగా ఇతరులకిచ్చే పద్ధతి. ఇక్కడ స్థలం ‘కొన్నాను’ అనేవారు నిజానికి ఎస్టేట్ యజమానికి అద్దె కడుతున్నవారే. తిరిగి అమ్మవచ్చో లేదో, ఎలాంటి కట్టడాలు నిలపవచ్చో ‘కవనెంట్’ అనే ఒడంబడిక నిర్ణయిస్తుంది.

ఇ) లిండెన్ హోమ్స్: సభ్యత్వంతోపాటు సంస్థ కేటాయించే ఇళ్లు. వీటిని వదులుకోవచ్చు కాని అమ్ముకోలేరు.

స్థలం విలువను విస్తీర్ణంతోపాటు దాని మోతసామర్థ్యం కూడా నిర్ణయిస్తుంది. ప్రతి వస్తువుకూ ‘ల్యాండ్ ఇంపాక్ట్’ అనే భారాంకం ఉంటుంది. మెయిన్‌ల్యాండ్‌లో సాధారణంగా 1,024 చదరపు మీటర్ల స్థలం, అంటే సుమారు 1,225 చదరపు గజాలు, 351 అంకాల భారం మోస్తుంది. అంతకు మించితే మరొక కుర్చీ కూడా వేయడానికి వీలుండదు.

3. ఇల్లు వేరు, స్థలం వేరు:

మన ఊళ్లలో ఇల్లు అమ్మితే గోడలు, తలుపులు, పెరటి చెట్టు అన్నీ స్థలంతోపాటే కొన్నవారికి చెందుతాయి. సెకండ్ లైఫ్‌లో అలా కాదు. అక్కడి ఇల్లు నేలకు అతుక్కున్న కట్టడం కాదు, నేలమీద పెట్టిన వస్తువు. దానిని తీసి ఇన్వెంటరీ అనే సొంత సంచిలో వేసుకోవచ్చు, వేరొక చోట మళ్లీ నిలుపుకోవచ్చు.

ప్రతి వస్తువుకూ దాన్ని తయారుచేసినవారు మూడు అనుమతులను నిర్ణయిస్తారు. అవి మార్పులు చేసుకొనే అనుమతి, నకలు తీసుకొనే అనుమతి, మరొకరికి బదిలీ చేసే అనుమతి. నకలు, బదిలీ రెండింటికీ అనుమతిస్తే కొన్నవారే నకళ్లు తీసి పంచిపెట్టగలరు. అందువల్ల తయారీదారులు సాధారణంగా ఆ రెండింటిలో ఒకదానినే ఇస్తారు. నకలు తీసుకొనే వీలుతో, బదిలీ చేసే వీలు లేకుండా కొన్న ఇల్లు ఎంత ఖరీదైనదైనా స్థలంతోపాటు అమ్మడం సాధ్యం కాదు. కొన్నవారికి దక్కేది ఖాళీ స్థలమే.

అందువల్ల ‘ఇల్లు అమ్మబడును’ అనే ప్రకటన అక్కడ చాలా సందర్భాలలో నిజం కాదు. ఆ ఇంట్లో నిలబడి చూసినవారికి ఆ ఇల్లే వస్తుందనే భ్రమ కలగడం సహజం. ఏది వస్తుందో, ఏది రాదో ముందుగా చెప్పడం అమ్మేవారి బాధ్యత.

4. అమ్మకానికి ముందు చేయవలసిన పనులు:

4.1. వస్తువుల లెక్క: ‘అబౌట్ ల్యాండ్’ అనే పట్టికలో స్థలం మీద ఎవరెవరి వస్తువులు ఎన్ని ఉన్నాయో కనిపిస్తుంది. కంటికి కనిపించేవే లెక్క అనుకోకూడదు. అక్కడ 4,096 మీటర్ల ఎత్తు వరకు కట్టడాలు నిలపవచ్చు. ఎప్పుడో ఆకాశంలో కట్టి మరచిపోయిన గది, నేలలో కూరుకుపోయిన పెట్టె కూడా లెక్కలోకి వస్తాయి. స్నేహితులు వదిలివెళ్లిన వస్తువులుంటే వారికి ముందుగా తెలియజేయడం మర్యాద. ఆ తరువాతే ‘రిటర్న్’ చేయాలి. అలా పంపిన వస్తువులు వారి ఇన్వెంటరీలోని ‘లాస్ట్ అండ్ ఫౌండ్’ అరలోకి చేరుతాయి.

4.2. వేరుచేయడం: వస్తువులను మూడు కుప్పలుగా భావించుకోవాలి. నకలు తీసుకోదగినవి మొదటివి. వీటిని ఇక్కడ తీసివేసినా మరొకచోట నిలుపుకోవచ్చు. బదిలీ చేయదగినవి రెండవవి. వీటిని స్థలంతో అమ్మాలా, ఉంచుకోవాలా అన్నది అమ్మేవారి నిర్ణయం. మూడవవి నకలుకు వీలులేని జ్ఞాపికలు. ఎవరో చేసి ఇచ్చిన దీపం, ఇప్పుడు ఆ లోకానికి రాని మిత్రుడి కానుక ఇటువంటివి. వీటి ప్రతి ఒక్కటే. పొరపాటున స్థలంతోపాటు వెళ్లిపోతే తిరిగి తెచ్చుకొనే మార్గం కొన్నవారి దయ మాత్రమే. కాబట్టి అన్నిటికంటే ముందు వీటినే తీసి భద్రపరచాలి.

4.3. అమరిక: వస్తువులు సంచిలోకి వస్తాయి కాని, అవి ఒకదాని పక్కన ఒకటి ఉన్న తీరు రాదు. ఏళ్లపాటు అమర్చిన తోటను ఒక్కొక్క మొక్కగా తీసివేస్తే ఆ తోట మిగలదు. అందుకే తీయడానికి ముందే ఛాయాచిత్రాలు తీసుకోవాలి. వస్తువుల స్థానాలను గుర్తుపెట్టుకొని మళ్లీ అదే అమరికలో నిలిపే ‘రెజర్’ పెట్టెలు కూడా ఉన్నాయి.

4.4. నేల: తవ్వి, ఎత్తుపల్లాలు తీర్చిదిద్దిన నేల మాత్రం సంచిలోకి రాదు, స్థలంతోనే పోతుంది. మెయిన్‌ల్యాండ్‌లో ఎక్కువచోట్ల నేలను సహజస్థాయి నుండి నాలుగు మీటర్లు పైకి లేదా కిందికి మాత్రమే మార్చవచ్చు. ఇల్లు తీసివేశాక మిగిలే గుంతలను చదును చేస్తే కొనేవారికి స్థలం ఉన్నదున్నట్లు కనిపిస్తుంది. గోడ అంచులు, చెట్ల కొమ్మలు పొరుగు స్థలంలోకి చొచ్చుకొనిపోయి ఉంటే సరిచేయాలి.

4.5. దారి: స్థలంలోకి పరాయివారు రాకుండా నిషేధరేఖలు, వచ్చినవారిని బయటికి పంపే కాపలా పరికరాలు పెట్టుకోవడం అక్కడ మామూలే. అమ్మకానికి పెట్టే ముందు వీటిని తీసివేయకపోతే కొనదలచినవారు గడప దాటలేరు.

5. ధర, ప్రకటన, బదిలీ:

ధర నిర్ణయించేటప్పుడు ఎవరికి అమ్ముతున్నామనేది కూడా ఎంచుకోవాలి. ‘ఎవరికైనా’ అన్నది ఒక మార్గం, ‘ఫలానా వ్యక్తికి మాత్రమే’ అన్నది మరొకటి. స్నేహితుడికి ఉచితంగా ఇవ్వదలచి, పేరు ఎంచుకోకుండా ధర సున్నా పెడితే, ముందుగా చూసినవారెవరైనా తీసుకోవచ్చు. ఇటువంటి పొరపాట్ల కోసమే స్థలాలను గాలించే స్వయంచాలక అకౌంట్లు ఒకప్పుడు ఉండేవి. ‘వస్తువులతో సహా అమ్మాలా?’ అనే ప్రశ్నకు ఔనంటే, అమ్మేవారికి చెందిన బదిలీ కాదగిన వస్తువులన్నీ కొన్నవారి పేరుకు మారతాయి. పైన చెప్పిన వేరుచేత ఎందుకు ముఖ్యమో ఇక్కడ తెలుస్తుంది.

అమ్మకానికి పెట్టిన స్థలాలు ప్రపంచపటం మీద పసుపురంగులో, వేలానికి పెట్టినవి ఊదారంగులో కనిపిస్తాయి.

గమనించవలసిన మరొక అంశం నెలవారీ నిర్వహణ రుసుము. సంస్థ దీనిని గడచిన 30 రోజులలో గరిష్ఠంగా ఎంత భూమి ఉంటే అంతకు లెక్కిస్తుంది. అందువల్ల బిల్లు తేదీకి ముందురోజు అమ్మినా, ఆ నెల భారం అమ్మినవారిదే. కొనేవారు దొరకనప్పుడు స్థలాన్ని వదిలివేయవచ్చు. అప్పుడది ప్రతిఫలమేమీ లేకుండా గవర్నర్ లిండెన్ పేరుకు చేరుతుంది.

6. అష్టభోగాల దృష్టితో పరిశీలన:

మన శాసనాలలోని భూదానాలలోనూ, ఆ తరువాతి క్రయ దస్తావేజులలోనూ నిధి, నిక్షేప, జల, పాషాణ, అక్షీణి, ఆగామి, సిద్ధ, సాధ్యాలనే అష్టభోగాలతో సహా భూమిని ఇచ్చినట్లు రాయడం సంప్రదాయం. భూమి అంటే నేల మాత్రమే కాదని, దానిలో దాగినవీ దాని వల్ల కలిగేవీ కలగబోయేవీ అన్నీ అని ఆ మాటల అర్థం. ఇచ్చేవారు ఏదీ మిగుల్చుకోలేదనే హామీ వాటిలో ఉంది.

సెకండ్ లైఫ్ స్థలానికి ఈ జాబితాను అన్వయిస్తే లోటు ఎక్కడుందో స్పష్టమవుతుంది. నేలలో దాగిన వస్తువు నిధిలాగా కొన్నవారికి చెందదు, దాని అనుమతిని బట్టి ఉంటుంది. నీరు రీజియన్‌ది, స్థలానిది కాదు. బండరాయి కూడా ఎవరో తయారుచేసిన వస్తువే. ఆగామి, సాధ్యాలు, అంటే ముందుముందు కలిగే ఫలాలు, సంస్థ సేవలు కొనసాగినంత కాలమే. అష్టభోగాలతో ఇవ్వడం అక్కడ ఎవరికీ సాధ్యం కాదు. అందుకే అక్కడ అమ్మేవారు ‘సర్వహక్కులతో’ అనే మాటకు బదులు, ఇచ్చేవాటి జాబితా రాయడం న్యాయం.

7. హక్కు, అనుమతి:

ఈ అంశం న్యాయస్థానం దాకా వెళ్లింది. పెన్సిల్వేనియాకు చెందిన న్యాయవాది మార్క్ బ్రాగ్ 2006లో ఒక స్థలాన్ని వేలంలో తక్కువ ధరకు పొందాడు. అది సక్రమమైన పద్ధతి కాదని లిండెన్ ల్యాబ్ అతని అకౌంటును నిలిపివేసింది. దానితో అతని మిగిలిన ఆస్తులూ అందకుండా పోయాయి. వివాదాన్ని మధ్యవర్తి ముందే తేల్చుకోవాలన్న సంస్థ నిబంధనను 2007లో ఫెడరల్ న్యాయస్థానం అన్యాయమైనదిగా భావించి అమలు చేయడానికి నిరాకరించింది. ఆ ఏడాదే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. దానివల్ల ఆ స్థలం నిజంగా ఎవరి సొత్తు అన్న ప్రశ్నకు తీర్పు రాలేదు. సంస్థ నిబంధనల ప్రకారం మాత్రం వర్చువల్ స్థలం సొత్తు కాదు, వాడుకోవడానికిచ్చిన అనుమతి.

8. ముగింపు:

• సెకండ్ లైఫ్‌లో స్థలం, ఇల్లు, వస్తువులు వేర్వేరు. ఒకటి అమ్మితే మిగిలినవి వాటంతట అవి వెళ్లవు.

• అమ్మకానికి సిద్ధం కావడంలో మొదటి పని స్థలం కోవను, వస్తువుల అనుమతులను పరిశీలించడం. అలంకరణ ఆ తరువాతిది.

• నకలుకు వీలులేని జ్ఞాపికలను ముందే తీసి భద్రపరచుకోవాలి. జరిగిన బదిలీని వెనక్కు తిప్పడం అమ్మినవారి చేతిలో ఉండదు.

• కొనేవారికి ఏమి దక్కుతుందో స్పష్టంగా రాసి ఇవ్వడం ఇరువురికీ మేలు.

• తనది అనుకున్నదానిలో ఎంత భాగం నిజంగా తనదో మనిషికి అమ్మే సమయంలోనే తెలిసివస్తుంది. కొనే సమయంలోనే ఆ ప్రశ్న వేసుకోగలిగితే, అమ్మేనాడు కలిగే నష్టంలో చాలా భాగాన్ని తప్పించుకోవచ్చు.