పట్టణము నడిబొడ్డున పెరిగిన విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయమనగానే మన కన్నుల యెదుట నొక విశాలమైన ఆవరణము నిలుచును. పెద్ద ద్వారము, లోపల చెట్ల బాటలు, దూరదూరముగా కట్టిన భవనములు, చుట్టును ప్రహరిగోడ. మన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో బెజవాడయందు ఆరంభమై, 1930లో వాల్తేరు మెట్టమీదికి చేరినది. హైదరాబాదునందలి ఉస్మానియా విశ్వవిద్యాలయము మొదట నగరములోని తాత్కాలిక భవనములలో నడచి, పిమ్మట అడిక్‌మెట్ కడనున్న విశాలస్థలమునకు పోయినది. ఊరి సందడికి దూరముగా నుండుటయే చదువునకు మేలని పెద్దల తలంపు. అయితే ఊరి నడుమనే పుట్టి, అక్కడనే పెరిగి, ప్రహరియే లేక, బజారు వీథులనే తన బాటలుగా చేసికొన్న విశ్వవిద్యాలయములును లోకమున గలవు. అట్టి విద్యాలయమువలన పట్టణమున కేమి కలుగును? పట్టణము బాగుపడునా, లేక విద్యాలయమే పట్టణమును మ్రింగునా? అమెరికా దేశమున జార్జియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమైన అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ చరిత్రను ఉదాహరణముగా గైకొని, ఈ ప్రశ్నను విచారింప దలచితిమి. మన తెలుగు బిడ్డలు పలువురు నేడచ్చట చదువుచున్నందున ఆ చరిత్ర మనకు బొత్తిగా పరాయిది కాదు.

ఈ విద్యాలయము పగలు పనిచేసి పొట్ట పోసికొనువారి యక్కరవలన పుట్టినది. 1913లో జార్జియా సాంకేతిక విద్యాలయమువారు వాణిజ్యవిద్య నేర్పుటకై నగర మధ్యమున నొక సాయంకాల పాఠశాలను తెరచిరి. పగలెల్ల బ్యాంకులలోను కొట్లలోను గుమాస్తాలుగా నుండువారు, పని ముగిసిన పిమ్మట నడచి వచ్చి అచ్చట చదువుకొనుచుండిరి. పాఠశాల వారి పనిపాటులకు చేరువగా నుండవలెను గదా! అందుచేత అది ఊరి నడుమనే యుండవలసి వచ్చెను. ఇది మొదట గుర్తింపవలసిన సంగతి. ఇచ్చట స్థలమును ముందు చూచి విద్యార్థులను పిలువలేదు. విద్యార్థులనుబట్టియే స్థలము నిర్ణయమైనది. ఆ పాఠశాల చాల సంవత్సరములు ఒక భవనమునుండి మరియొక భవనమునకు మారుచు కాలము గడపెను.

రెండవ ప్రపంచయుద్ధము ముగియునప్పటికి చదువరుల సంఖ్య మిక్కిలి పెరిగెను. యుద్ధమునుండి మరలివచ్చిన సైనికులకు చదువు వ్యయమును ప్రభుత్వమే భరించునట్లు 1944లో చట్టము చేయబడి యుండెను. ఆ దినములలో పాఠశాలాధిపతియైన డాక్టరు జార్జి స్పార్క్సుగారు 1945లో ఐవీ వీథియందలి ఆరంతస్తుల మోటారుకార్ల గ్యారేజిని కొనిరి. కార్లు నిలుపుటకు కట్టిన యింటిలో గోడలు పెట్టి గదులు చేసి, 1946లో పాఠములు ప్రారంభించిరి. కార్లు పైకెక్కుటకు వేసిన వాలుబాటలమీదుగనే విద్యార్థులు పుస్తకములు చేతబట్టుకొని పై యంతస్తులకు నడచిపోవుచుండిరి. తరువాతి కాలమున కెల్ హాల్ అని పేరొందిన ఆ భవనము డెబ్బదియేండ్లకు పైగా నిలిచినది. 2019లో దానిని కూల్చుటకు ఆరంభించిరి. నేడచ్చట పచ్చికబయలును నడకబాటయు గలవు.

ఈ గ్యారేజి కథ వినోదము కొరకు మాత్రమే చెప్పలేదు. పట్టణ మధ్యమున విశ్వవిద్యాలయము పెరుగు విధమంతయు ఇందులో నున్నది. నగర మధ్యమున ఖాళీ నేల యుండదు; ఉన్నను దాని వెల మిన్నంటును. కావున అచ్చటి విద్యాలయము పట్టణము విడిచిపెట్టిన దానినే తాను చేపట్టవలెను. వర్తకుడు మూసిన కొట్టు, కంపెనీ విడిచిన కచేరి, ఆటలు నిలిచిపోయిన నాటకశాల, వీనిలో తరగతులు చేరును. పట్టణమునకు పనికిరానిదని తోచినది విద్యాలయమునకు పనికివచ్చును.

అట్లాంటా నడిబొడ్డున అట్టి విడువబడిన భవనములు రానురాను హెచ్చెను. 1950వ సంవత్సరము తరువాత విశాలమైన రాజమార్గములు నగరమును చీల్చుకొని పోయెను. కార్లు గలవారు ఊరి వెలుపల ఇండ్లు కట్టుకొనిరి. వారి వెంట వర్తకమును పోయెను. 1959లో నగరమునకు ఉత్తరమున లెనాక్స్ స్క్వేర్ అను పెద్ద బజారు వెలసెను. నగర మధ్యమున తరతరములుగా పేరుపొందిన రిచ్స్ అను పెద్ద వస్త్రాది వస్తువుల కొట్టు 1991లో మూతపడెను. పగలు కచేరీలలో పనిచేయువారు సాయంకాలము కాగానే కార్లెక్కి పోవుటచే, చీకటి పడగనే వీథులు నిర్మానుష్యములయ్యెను. ఈ కాలమున విద్యాలయము మాత్రము కదలలేదు. 1955లో అది స్వతంత్ర కళాశాల యయ్యెను. 1969లో విశ్వవిద్యాలయమను పేరు పొందెను. 1979లో నగరమున రైలుబండ్లు నడువ నారంభించినపుడు దాని పేరిటనే యొక స్టేషను ఏర్పడెను.

అయినను ఊరి నడుమ నున్నంత మాత్రమున ఊరితో కలిసియున్నట్లు కాదు. 1960 మొదలుగా వేసిన పథకములలో విద్యాలయము వారు వీథులకంటె ఎత్తుగా కాంక్రీటు వేదికలు కట్టి, విద్యార్థులు వానిపైననే ఒక భవనమునుండి మరియొక భవనమునకు పోవునట్లు చేసిరి. క్రింద వీథిలో కార్లు, పైన చదువరులు. రెండు లోకములు ఒకదానిమీద నొకటి పేర్చినట్లుండెను. వీథిలో కాఫీ అమ్మువానికి పైన నడచు విద్యార్థివలన లాభమేమి?

అంతకంటె కఠినమైన గోడ మరియొకటి యుండెను. ఆ కాలమున నల్లజాతివారికి ఈ కళాశాలలో ప్రవేశము లేదు. చేరగోరువారు పూర్వ విద్యార్థుల సంతకములతో యోగ్యతాపత్రములు తేవలెనని నియమము. పూర్వ విద్యార్థులందరును తెల్లవారే. వారిలో ఒకరు నల్లజాతివానికి సంతకము చేయుట ఎట్లు? ముగ్గురు నల్లజాతి స్త్రీలు దీనిపై న్యాయస్థానమున కెక్కిరి. 1959లో ఫెడరల్ న్యాయాధిపతి ఈ నియమము రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. అంతట రాష్ట్ర శాసనసభవారు వయస్సు మీరినవారు చేరగూడదని చట్టము చేసిరి. గెలిచిన ఆ స్త్రీలకు ప్రవేశము దక్కలేదు. తుదకు 1962లో ఆనెట్ లూసిల్ హాల్ అను ఉపాధ్యాయిని ఆ కళాశాలలో చేరిన మొదటి నల్లజాతి విద్యార్థిని యయ్యెను. నల్లజాతివారి వర్తకమునకు పేరుగాంచిన ఆబర్న్ వీథి ఆ కళాశాల ప్రక్కనే యున్నదన్న సంగతి తలచుకొన్నచో, ఇరుగుపొరుగు అను మాటకు అర్థమెంతటిదో తెలియగలదు.

1992లో అధ్యక్ష పదవికి వచ్చిన కార్ల్ పాటన్‌గారు పట్టణ నిర్మాణశాస్త్రమున పండితులు. విద్యాలయము నగరమున కొక ప్రక్కన నుండరాదు, నగరములో నొక భాగము కావలెనని వారి మతము. వీథులకు వీపు త్రిప్పిన విద్యాలయమును వారు మరల వీథులవైపునకు త్రిప్పిరి. 1989లో మూతపడిన రియాల్టో నాటకశాలను బాగుచేసి 1996లో సంగీత నాటక ప్రదర్శనలకై తెరచిరి. బ్రాడ్ వీథిలో బ్యాంకు నడచిన పాత భవనమున వాణిజ్య కళాశాల చేరెను. మరియొక బ్యాంకు భవనమున రాజకీయార్థిక విద్యలు నేర్పు కళాశాల చేరెను.

ఇట్లు మూసిన భవనమున తరగతులు చేరినపుడు వీథి యెట్లు మారును? కచేరి ఉద్యోగులు ఉదయము వచ్చి సాయంకాలము పోవుదురు. నడుమ ఒక్క గంట భోజనమునకు బయటికి వత్తురు. విద్యార్థులట్లు కాదు. గంటగంటకు తరగతి మారును. గంటగంటకు వందలకొలది జనులు ద్వారము దాటుదురు. కావున చిన్న హోటలువానికి, పుస్తకములవానికి, జుట్టు కత్తిరించువానికి రోజంతయు బేరము. జనులు తిరుగు వీథిలో భయము తగ్గును. భయము తగ్గిన వీథిలో ప్రక్కవాడును కొట్టు తెరచును. కోట్లకొలది సొమ్ము పోసి కట్టిన పెద్ద కట్టడమువలన కాని మేలు, ఈ రాకపోకలవలన గలుగుట చిత్రమే.

అయితే విద్యార్థులు చదువు ముగియగనే యిండ్లకు పోయినచో రాత్రి వీథి మరల శూన్యమే. చాలకాలము ఈ విద్యాలయమునకు వసతిగృహములు లేవు. 1996లో అట్లాంటాలో ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు ఆటగాండ్రకై కట్టిన యిండ్లు పిమ్మట దీని మొదటి వసతిగృహములైనవి. కాని అవి విద్యాలయమునకు దూరము. 2007లో వానిని సాంకేతిక విద్యాలయమునకు విడిచి, నగర మధ్యముననే సుమారు 2,000 మంది విద్యార్థులు నివసించునట్టి క్రొత్త గృహములను తెరచిరి. రాత్రి నిదురించుచోటనే మనుష్యునకు పాలు, రొట్టె, మందులు, దీపపు వెలుతురు కావలెను. కావున పట్టణ మధ్యమునకు నివాసస్థలమను లక్షణము కొంతవరకు తిరిగి వచ్చెను.

ఇంతవరకు లాభములు చెప్పితిమి. నష్టములు చెప్పకున్న వ్యాసము ఒంటికన్నుది యగును. మొదటిది పన్ను. ప్రభుత్వ విద్యాలయపు ఆస్తిపై నగరమునకు ఆస్తిపన్ను రాదు. విద్యాలయము ఒక్కొక్క భవనమును కొనిన కొలది పన్ను చెల్లించు భవనము ఒక్కొక్కటి తగ్గును. వీథులు, నీరు, దీపములు మాత్రము నగరమే చూచుకొనవలెను. రెండవది, విద్యాలయము తన లోపలనే భోజనశాలలు, అంగళ్లు పెట్టుకొన్నచో, బయటి చిన్న వర్తకునకు రావలసిన బేరము లోపలనే ఆగిపోవును. మూడవది, పాత కట్టడములు నశించుట. ఆబర్న్ వీథిలో శతాబ్దము దాటిన టెలిఫోను కంపెనీ భవనమును, పాత కట్టడముల రక్షణ కోరువారు వలదన్నను, 2015లో విద్యాలయమువారు కూల్చివేసిరి. గ్యారేజిని బడిగా మార్చిన విద్యాలయమే పాత భవనమును కూల్చి కార్లకు చోటు చేయబూనుట చూడగా, పెద్దదైన సంస్థకు తన బాల్యము ఎంత త్వరగా మరపు వచ్చునో కదా యనిపించును.

అన్నిటికంటె పెద్దది నాలుగవది. అది పేదవాని యింటి సంగతి. నగర మధ్యమునకు దక్షిణమున సమ్మర్‌హిల్ అను పేట గలదు. బానిసత్వమునుండి విముక్తులైనవారు తొలుత నెలకొల్పిన పేటలలో నది యొకటి. రాజమార్గముల కొరకును, 1965లో తెరచిన స్టేడియము కొరకును అచ్చట అనేక గృహములు పడగొట్టబడెను. ఒలింపిక్ క్రీడలకు కట్టిన క్రొత్త స్టేడియములో 1997 మొదలు 2016 వరకు బేస్‌బాల్ ఆటలు జరిగెను. చుట్టును కార్లు నిలుపు బయళ్లు. ఆట లేని దినమున అంతయు శూన్యము. 2017లో బేస్‌బాల్ జట్టు నగరము విడిచి ప్రక్క కౌంటీకి పోయెను. ఆ సంవత్సరమే విశ్వవిద్యాలయము ఒక కట్టడముల కంపెనీతో కలిసి ఆ స్టేడియమును చుట్టునున్న నేలను సుమారు 3 కోట్ల డాలర్లకు కొని, తన ఫుట్‌బాల్ ఆటలకు మార్చుకొనెను. 2022లో దాని సమీపమున పెద్ద సభామందిరమును తెరచెను. ప్రక్కనున్న జార్జియా ఎవెన్యూలో మూతపడియున్న పాత కొట్లు మరల తెరువబడి కళకళలాడినవి.

కాని ఇరుగుపొరుగువారి మనస్సు కుదుటపడలేదు. వారనిరి: ఇండ్ల అద్దెలు పెరిగిన మా గతి యేమి? వర్షము కురిసినపుడు పల్లపు పేటలను ముంచు నీటికి దారి యేది? క్రొత్త పనులలో మా బిడ్డలకు చోటున్నదా? నోటిమాటలు చాలవు, వ్రాతమూలకమైన ఒడంబడిక కావలెనని వారు కోరిరి. కొందరు 2017లో స్టేడియము చెంత గుడారములు వేసికొని నివసించిరి. వారి భయము కారణములేనిది కాదు. అర్ధశతాబ్దములో రెండు స్టేడియములు వచ్చుటను, ప్రతిసారి మంచి దినములు వచ్చునను వాగ్దానమును వారు వినియుండిరి. ఖాళీ బయళ్లు నిండుట అందరికి సంతోషమే; కాని నిండిన పిమ్మట అచ్చట నిలువగలుగువారెవరు అనునదే వారి ప్రశ్న. నేల విలువ పెరిగినపుడు సొంత యిల్లు గలవానికి పన్ను పెరుగును. అద్దెకున్నవానికి యిల్లే తప్పిపోవును.

ఇందులకు ఎదురుగా త్రాసులో నుంచవలసినది మరియొకటి కలదు. 2016లో మరియొక కళాశాలతో కలిసిన పిమ్మట ఈ విద్యాలయమున విద్యార్థులు 50,000కు మించిరి. ఒకప్పుడు నల్లజాతివారికి తలుపు మూసిన చోటనే నేడు నల్లజాతి విద్యార్థులు ఏటేట వేలకొలది పట్టములు పొందుచున్నారు. 2003లో విద్యార్థులలో నూటికి 32 మంది మాత్రమే ఆరేండ్లలో పట్టము పొందునట్టి స్థితి యుండగా, సుమారు పదేండ్లలో ఆ సంఖ్య 50 దాటినది. పేదవారు, నల్లజాతివారు తక్కినవారితో సమానముగా చదువు ముగించుచున్నారు. పట్టణమునకు విద్యాలయము చేయు మేలు భవనములవలననే కాదు. అదే పట్టణపు గుమాస్తా బిడ్డ, వంటవాని బిడ్డ ఆ ద్వారము దాటి మరియొక బ్రదుకునకు పోగలిగినపుడే ఆ మేలు నిండును.

కావున మొదటి ప్రశ్నకు మేము చెప్పగల యుత్తర మిది. విద్యాలయము పట్టణము విడిచిన దానిని చేపట్టి బాగుచేసినంత కాలము ఇరువురికి మేలు. పట్టణములో ఇంకను నివసించుచున్న వారి చోటును కోరినపుడు కీడు మొదలగును. ఆ రెంటికి నడుమ గీత సన్ననిది. భవన శిల్పి యొక్కడే దానిని గీయలేడు. ఇరుగుపొరుగువారిని ముందుగ అడిగి, వారితో వ్రాతపూర్వకముగా ఒప్పుకొని గీయవలెను.

మన విద్యార్థులలో కొందరు రేపు ఇంజనీర్లగుదురు, కొందరు పురపాలక సభ్యులగుదురు, కొందరు అధ్యాపకులగుదురు. మన పట్టణములలోను కళాశాలలు నానాట పెరుగుచున్నవి. వాని ద్వారముల యెదుట తోపుడుబండ్లవారు, అద్దె గదులవారు, పాత పెంకుటిండ్లవారు బ్రదుకుచున్నారు. ఒక కళాశాలకు క్రొత్త భవనము కట్టుదమని పటము పరచినపుడు, ఆ పటములో తెల్లగా కనబడు చోటున నిజముగా ఎవరున్నారో ఒకసారి నడచిపోయి చూచి వచ్చినచో, ఆ గ్యారేజిలో చదివినవారి పాఠము మనకును అబ్బినట్లే.