పక్షవాతము – తల స్కానింగు – పోయిన వేళ

చైతన్యపురి మెయిన్‌రోడ్డు మీద దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ వైపు నడిస్తే, మెట్రో స్తంభాల పక్కన స్కానింగు సెంటర్ల బోర్డులు కనబడుతూనే ఉంటాయి. "ఇవన్నీ డబ్బు గుంజటానికే అయ్యగారూ" అంటుంటారు మన సంఘస్థులు. అనవసరంగా తీయించేవి ఉన్నమాట మేమూ కాదనము. కాని ఒక్క సంగతి చెప్పక తప్పదు.

కొన్ని సంవత్సరముల క్రితము మన సహోదరుడొకరికి తెల్లవారుజామున మూతి వంకరపోయి, కుడిచెయ్యి పడిపోయింది. కబురు రాగానే వెళ్ళాము. మంచము చుట్టూ మోకరించి చాలాసేపు ప్రార్థించాము. ఎవరో పావురము రక్తము పూయమన్నారు. దానికి మాత్రము ఒప్పుకొనలేదు. ఆసుపత్రికి చేరేసరికి మధ్యాహ్నమైంది. సి.టి. స్కాన్ చూసి డాక్టరుగారు, "రక్తస్రావము లేదు, గడ్డ వల్ల వచ్చింది. కరిగించే మందు ఇచ్చేవాళ్ళమే, వేళ దాటిపోయింది" అన్నారు.

పక్షవాతము రెండు విధాలు. మెదడు రక్తనాళములో గడ్డ అడ్డుపడవచ్చు, లేదా నాళము చిట్లవచ్చు. పైకి రెండూ ఒకేలా కనబడతాయి. గడ్డను కరిగించే మందు చిట్లినవారికి ఇస్తే ప్రాణాపాయము. అందుకే ముందు స్కాన్. ఆ మందు సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఇచ్చిన మరునాడు మళ్ళీ స్కాన్ తీసి, రక్తము కారలేదని చూసుకొంటారు.

మామూలు ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనబడుతుంది గాని మెదడు కనబడదు. ఈ కొరత తీర్చినవాడు ఇంగ్లాండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు. పనిచేసినది ఇ.ఎం.ఐ. కంపెనీలో – మన పెద్దల ఇళ్ళలో కుక్కబొమ్మ గ్రామఫోను రికార్డులుండేవే, ఆ వ్యాపారపు కంపెనీయే! 1971లో లండనులో ఒక స్త్రీ తలను మొదటిసారి ఆ యంత్రముతో చూశారు. 1979లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

స్కానింగుకు వెళ్ళటము అవిశ్వాసమా అని కొందరడుగుతారు. హిజ్కియా పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద వేయమన్నది యెషయా ప్రవక్తయే గదా. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోను చేయండి. లక్షణము ఎన్ని గంటలకు మొదలైందో గుర్తుపెట్టుకొని డాక్టరుకు చెప్పండి. సి.టి. యంత్రము ఉన్న ఆసుపత్రికే తీసుకువెళ్ళమనండి. మమ్ములను తరువాత పిలవవచ్చు. ఆ బండిలోనే మీరు ప్రార్థన చేసుకోవచ్చు.

ఆ సహోదరుడు ఇప్పుడు ప్రతి ఆదివారము గుడికి వస్తున్నారు. బల్ల దగ్గర పాత్రను ఎడమచేతితోనే అందుకొంటారు. ఇచ్చేటప్పుడు మేము ఆయన ముఖము చూడలేకపోతున్నాము.