పొగబండి ఎక్కిన మా అత్త

"ఈ వయసులో ఊటీ ఎందుకమ్మా? మోకాళ్ల నొప్పులంటావు, ఆ చలికి తట్టుకుంటావా?" అన్నారు మావారు వాళ్లమ్మతో. నిజం చెప్పొద్దూ, నేనూ మనసులో అదే అనుకున్నాను.

"ఊటీ చూసేదానికి కాదురా. పొగబండి ఎక్కల్ల. నా పింఛను డబ్బుల్తోనే పోతా, తోడు రాండి చాలు" అంది మా అత్త.

మా మామగారు గుంతకల్లులో రైల్వే ఫైర్‌మన్. ఇంజను పొయ్యిలోకి పారతో బొగ్గు ఎత్తిపోసే పని. ఆయన పోయి పదకొండేళ్లయింది. మాది మంత్రాలయం. స్వామివారి దర్శనానికి వచ్చేవాళ్లు దిగే మంత్రాలయం రోడ్ స్టేషన్ ఊరికి పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఒకప్పుడు ఆ దారిలో బండి వస్తోందంటే ముందు పొగ కనబడేదట. మన దేశంలో బ్రాడ్‌గేజి మీద ఆవిరి ఇంజన్ల కాలం 1995తో ముగిసింది. అప్పటికి నేను గౌన్లు వేసుకునే పిల్లని. అత్తకు మాత్రం అదే సంసారం.

"ఎన్నేండ్లు ఆ మసి గుడ్డలు ఉతికినానో! ఒక్కనాడన్నా ఇంజను కాడికి తీస్కపోలేదు. క్యారియరిచ్చి వచ్చేయమనేటోడు" అనేది.

ఆవిరి ఇంజను, చలికాలం, మంచు అంటే సిమ్లా కొండరైలు గుర్తొస్తుంది. 1903లో మొదలైన ఆ దారిలో ఇప్పుడు ఆవిరి ఇంజను నడిచేది ఎప్పుడో ప్రత్యేకంగా మాట్లాడుకుంటేనే. మనకు దగ్గరలో రోజూ ఆవిరితో కొండెక్కే బండి నీలగిరి రైలు. అందుకే మొన్న జనవరిలో కోయంబత్తూరు చేరి, ముందురోజు రాత్రి మేట్టుపాళయంలో బస చేశాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు. కొండచరియలు విరిగి పట్టాల మీద పడితే బండి రద్దు చేస్తారు. పొద్దున స్టేషన్‌లో బండి కనబడేదాకా నా గుండె నిలబడలేదు.

ఏడుగంటలు దాటాక బండి కదిలింది. ఇంజను ముందు కాదు, వెనక ఉంటుంది! పెట్టెల్ని పైకి నెట్టుకుంటూ పోతుంది. కల్లార్ దాటాక అసలు ఎక్కుడు. పన్నెండడుగులు ముందుకెళితే ఒక అడుగు పైకి. చక్రాలు జారకుండా రెండు పట్టాల మధ్య పళ్లున్న ఇనుప కడ్డీలు పరిచారు. ఇంజను కింద ఉన్న పళ్ల చక్రం వాటిని పట్టుకుని పైకి పాకుతుంది. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా వేసిన దారి ఇది. నలభై ఆరు కిలోమీటర్లలో 16 సొరంగాలు, 250 వంతెనలు, 208 మలుపులు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది.

హిల్‌గ్రోవ్‌లో ఇంజను నీళ్లు తాగుతుంటే మేం టీ తాగాం. మా జొన్నరొట్టె మీద కోతుల కన్ను పడింది. అత్తకు ఇవేవీ పట్టలేదు. కూతపెట్టినప్పుడల్లా కళ్లు మూసుకునేది.

కూనూరులో ఆవిరి ఇంజను తప్పించి డీజిల్ తగిలిస్తారు. అత్త గబగబా ఇంజను దగ్గరికి నడిచింది. మోకాళ్ల నొప్పులేమయ్యాయో! వచ్చీరాని తమిళంలో మావారు సంగతి చెబితే, అక్కడున్న సిబ్బందిలో ఒకాయన నవ్వి, దగ్గరగా నిలబడి చూడనిచ్చాడు. అది నూనెతో మండే ఇంజనట, బొగ్గు లేదు. సెగ మాత్రం మొహాన కొట్టింది. ఆ చలిలో కూడా నేను రెండడుగులు వెనక్కి వేశాను. అత్త కదల్లేదు.

"మీ మామ చలికాలంలో గూడా ఆరుబయటే మంచమేసుకోని పండేటోడు పాపా. లోపలికి రమ్మంటే కసురుకునేటోడు. నేనంటే ఇష్టం లేదేమో అనుకుంటి. ఇంత సెగ కాడ పొద్దంతా నిలబడినోడికి ఇంట్లో గాలాడుతుందా?"

నాకేం చెప్పాలో తోచలేదు. మావారు అటు తిరిగి నిలబడ్డారు. కాసేపటికి అత్తే, "పా, బండి పోతాది" అంది.

ఆ తర్వాత కేత్తి స్టేషన్ వచ్చింది. 'వసంత కోకిల' చివరి దృశ్యం అక్కడే తీశారు. శ్రీదేవి గుర్తుకు తెచ్చుకోలేకపోవడం, కమల్ అవస్థ చూసి మనమంతా ఏడ్చాం కదూ! మధ్యాహ్నానికి ఊటీ చేరాం.

మర్నాడు తెల్లవారుజామున లేపింది అత్తే. ఊటీలో హిమాలయాల్లోలా మంచు కురవదు. డిసెంబరు, జనవరి నెలల్లో పల్లపు నేలల్లో గడ్డి మీద పేరుకుంటుంది. ఉప్పు చల్లినట్టు మైదానమంతా తెల్లగా ఉంది. ఎండ పొడవగానే కరిగిపోతుంది. మన సీమ ఎండల్లో పుట్టిపెరిగిన మనిషి, గుప్పెడు మంచు గడ్డి తుంచి అరచేతిలో పెట్టుకుని, అది నీళ్లయ్యేదాకా చూస్తూ నిలబడింది.

"మీ మామ చూసుంటే ఈడనే మంచమేసేటోడు" అని నవ్వింది.

మీరూ వెళ్లాలనుకుంటే కొన్ని మాటలు. టికెట్లు చాలా ముందుగా రిజర్వు చేయించుకోండి. రైలు పెట్టెల్లో బాత్‌రూములుండవు, స్టేషన్లో ఆగినప్పుడే చూసుకోవాలి. పెద్దవాళ్లకు స్వెటరు, మఫ్లరు, మేజోళ్లు తప్పనిసరి. తినడానికి రొట్టెలు, చెనిక్కాయల పొడి మేలు, సంచి మాత్రం కోతులకు అందకుండా పెట్టుకోండి. తొందరపడేవాళ్లు బస్సెక్కడమే మంచిది, ఆ కొద్ది దూరానికి రైలుకు దాదాపు ఐదు గంటలు పడుతుంది.

ఇంకో మాట. మీ ఇంట్లో పెద్దావిడ ఎక్కడికైనా పోవాలని అడిగితే, "ఈ వయసులోనా?" అనేముందు "ఎందుకు?" అని అడగండి. నేను ముందే అడిగి ఉంటే ఈ ప్రయాణం ఎన్నేళ్ల కిందటో జరిగేది.