గడులలోని అక్షరములు

పాఠ్యపుస్తకముల పుటలలోను, మందుల పెట్టెలమీదను, కిరాణా కొట్ల బల్లలమీదను నలుపు తెలుపు గడులతో నిండిన చిన్న చదరములు నేడు కానవచ్చుచున్నవి. వీనిలో ఏమున్నదని తల్లిదండ్రులు పలువురు మమ్ము అడుగుచున్నారు. పిల్లలు వీనిని సెల్‌ఫోనుతో చదివించుచుండగా పెద్దలకు వీని సంగతి తెలియకుండుట మంచిది కాదు. కావున మేము గ్రహించినంతవరకు ఇచట వివరింపదలచితిమి.

మొదట వచ్చినది నిలువు గీతల బార్‌కోడ్. 1974 జూన్ 26వ తేదీన అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ట్రాయ్ పట్టణపు దుకాణములో ఒక చూయింగ్ గమ్ పొట్లముపై గీతలను యంత్రము చదివినది. ఆ గీతల వెడల్పులలోనే విషయముండును. ఎత్తులో ఏమియు లేదు. అందుచే సరకు సంఖ్య ఇముడునే గాని ఒక వాక్యము ఇముడుట కష్టము. ఎత్తును గూడ వాడుకొనినచో అదే చోటున ఎంతో విషయము పట్టును గదా! ఈ ఆలోచన నుండియే ద్విపరిమాణ కోడ్‌లు పుట్టినవి.

ఇందు పలు రకములు కలవు. 1991లో వెలువడిన పీడీఎఫ్ 417 గీతల వరుసలను ఒకదానిపై నొకటి పేర్చినట్లుండును. దానిలోని ఒక్కొక్క సంకేతము 4 గీతలును 4 ఖాళీలును కలిసి 17 పాళ్ళ వెడల్పు గలది. 417 అను సంఖ్య అందుండియే వచ్చినది. విమాన ప్రయాణపు చీట్లపై దీనిని చూడవచ్చును. డేటా మేట్రిక్స్‌కు ఒక పక్కను, అడుగున గట్టి నల్లగీతలుండును. ఇది మిక్కిలి చిన్న చోటున ఇముడును గనుక మందుల పెట్టెలకు, యంత్ర భాగములకు వాడుదురు. అజ్‌టెక్ కోడ్‌కు నడుమ ఒకదానిలో నొకటిగా చదరములుండును. ఐరోపా రైలు టిక్కెట్లపై ఇది కలదు.

మనకు నిత్యము కనబడునది క్యూఆర్ కోడ్. 1994లో జపానులోని డెన్సో సంస్థయందు మసాహిరో హారాయును ఆయన సహచరులును మోటారు భాగముల లెక్క కొరకు దీనిని రూపొందించిరి. మూడు మూలలందలి చదరపు కన్నులను బట్టి యంత్రము కోడ్‌ను, అది తిరిగియున్న దిక్కును కనుగొనును. మిక్కిలి చిన్న దానిలో పక్కకు 21 గడులు, మిక్కిలి పెద్ద దానిలో 177 గడులు ఉండును. గడి నల్లనిదా తెల్లనిదా అనుదానిని బట్టి 1 లేక 0 అని యంత్రము లెక్కించును. ఇట్టి ఒక్కొక్క అంకెను బిట్టు అందురు. అసలు విషయముతోపాటు దిద్దుబాటు బిట్లను గూడ చేర్చుదురు. అందుచే మరక పడినను, మూల చిరిగినను చదువవచ్చును. ఎక్కువ రక్షణ గల కోడ్‌లో 30 శాతము వరకు చెడినను విషయము తిరిగి లభించును.

ఇక మనకు ముఖ్యమైన సంగతి. 3 అంకెలకు 10 బిట్లు, ఆంగ్లపు పెద్దక్షరములు రెండింటికి 11 బిట్లు చాలును. జపాను వారి కంజీ అక్షరమొకదానికి 13 బిట్ల ప్రత్యేక పద్ధతి కలదు. తెలుగునకు అట్టిది లేదు. నేడు వాడుకలోనున్న యూటీఎఫ్-8 విధానమున అక్షరమునకు, గుణింతపు గుర్తునకు వేర్వేరుగా 24 బిట్లు కావలెను. “తెలుగు” అను మాటలో మూడు హల్లులు, ఒక ఎత్వము, రెండు కొమ్ములు కలవు; మొత్తము 144 బిట్లు. అదే మాటను ఆంగ్లపు పెద్దక్షరములలో వ్రాసినచో 33 బిట్లు చాలును.

గత వార్షికోత్సవపు ఆహ్వానమును తెలుగులో క్యూఆర్ కోడ్‌గా ముద్రించితిమి. గడులు మిక్కిలి సన్నమై పాత ఫోనులు చదువజాలకపోయినవి. ఆంగ్లమున వ్రాసిన సరిపోవునని కొందరనిరి. మేము ఆహ్వానమును క్లుప్తపరచి, చదరమును పెద్దదిగా ముద్రించి, చుట్టును తెల్లని అంచు విడిచితిమి. ఫోనులన్నియు చదివినవి. తెలుగునకు కొంత చోటు ఎక్కువ కావలెనన్నంతనే దానిని విడిచిపెట్టవలసిన పనిలేదు.

కడపట ఒక హెచ్చరిక. ఈ లిపిని కంటితో చదువజాలము. దుకాణమువాని కోడ్‌పై మరియొకరు తమ కోడ్‌ను అంటించినను తెలియదు. కావున చదివించిన పిదప తెరపై వచ్చిన పేరును, మొత్తమును చూచియే సొమ్ము పంపవలెను. సొమ్ము పుచ్చుకొనుటకు మనము కోడ్ చదివింపనక్కరలేదు, రహస్య సంఖ్య నొక్కనక్కరలేదు. ఈ మాటను ఇంటిలోని వృద్ధులకు మీ పిల్లలచేతనే తెలుగులో చెప్పింపుడని మా కోరిక.