చెవిలోని శంఖం

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, "దాన్ని కొరకటానికి ఎందుకయ్యా అంత అవస్థ?" అన్నాడని మనవాళ్ళు ఒక సామెత చెప్పి నవ్వుకుంటారు. నవ్వు సంగతి అలా ఉంచండి. ఊదేవాడి చేతిలోనే కాదు, వినేవాడి చెవిలోనూ ఒక శంఖం ఉన్నదని మీకు తెలుసా? బఠాణీ గింజంత శంఖం! అది పనిచేస్తే లోకమంతా మనతో మాట్లాడుతుంది. అది మూగబోతే పక్కనున్న తల్లి పిలుపు కూడా అందదు.

వికారాబాదు జిల్లాలో బంట్వారం వంటి ఊళ్ళో, కందిచేల నడుమ ఒక ఇంటిని ఊహించుకోండి. ఏడాది నిండిన పిల్లవాడు వసారాలో ఆడుకుంటున్నాడు. వంటింట్లో పళ్ళెం చేయిజారి ఖంగుమన్నది. పిల్లవాడు ఉలిక్కిపడలేదు, తల తిప్పలేదు. తల్లి గుండెలో ముల్లు గుచ్చుకున్నట్లయింది.

"ఏం కాదు బిడ్డా! వాళ్ళ తాతకు గూడ మాటలు ఆలస్యంగనే వచ్చినయి. నాలుగేండ్లు రానీ, వాడే మాట్లాడుతడు" అన్నది అత్తగారు.

ఇద్దరిలో ఎవరి మాట వినాలి? అది తేలాలంటే మనం కాసేపు చెవి లోపలికి వెళ్ళి రావాలి.

మూడు గదుల ఇల్లు

మనకు పైకి కనిపించే చెవిడొప్ప వీధి అరుగు లాంటిది. అసలు ఇల్లు లోపల ఉన్నది. అరుగు మీద పడ్డ శబ్దం సుమారు రెండున్నర సెంటీమీటర్ల సన్నని దారి వెంట లోపలికి పోతుంది. ఆ దారిలో ఊరే గులిమిని మనం మురికి అనుకుంటాం గాని, అది దుమ్మునూ పురుగులనూ అడ్డగించే కాపలావాడు. దారి చివర పల్చని పొర ఒకటి బిగించి ఉంటుంది. అదే కర్ణభేరి. శబ్దం తాకగానే అది డప్పు తోలు మాదిరిగా అదురుతుంది.

దాని వెనుక రెండో గది. ఇందులో గాలి, మూడు బుల్లి ఎముకలు ఉంటాయి. మన పాఠ్యపుస్తకాలు వీటిని కూటకం, దాగలి, అంకవన్నె అన్నాయి. కమ్మరి సుత్తి, అతని దాగలి, గుర్రపు రౌతు కాలు పెట్టే రికాబు - ఇవీ వాటి ఆకారాలు. మూడో ఎముక మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. మన ఒంట్లో అంతకంటె చిన్న ఎముక లేదు.

ఈ ఎముకలు ఎందుకంటారా? బావిలో మునిగినవాడికి గట్టుమీదివారి కేక సరిగ్గా వినపడదు గదా! గాలిలో వచ్చిన శబ్దం నీటిని తాకితే దాదాపు అంతా వెనక్కు మళ్ళిపోతుంది. మూడో గదిలో ఉన్నది నీరు వంటి ద్రవమే. అందుకని ప్రకృతి ఒక ఉపాయం పన్నింది. కర్ణభేరి వైశాల్యం అంకవన్నె అడుగుకు సుమారు 17 రెట్లు. పెద్ద పొర మీది అదురు చిన్న చోటికి చేరి, పైగా ఎముకల మీటవాటంతో కలిసి, ఒత్తిడి 20 రెట్లకు పైగా పెరుగుతుంది. ఆ తోపుతో శబ్దం ద్రవంలోకి చొరబడుతుంది.

ఈ గదినుంచి గొంతు వెనక్కు ఒక గొట్టం ఉన్నది. తిరుమల కొండ ఎక్కే బస్సులో చెవులు దిబ్బడ వేస్తే గుటక మింగుతాము. ఆ గొట్టం తెరుచుకుని గాలి సర్దుకుంటుంది. పసిపిల్లలలో ఇది పొట్టిగా, ఏటవాలు లేకుండా ఉంటుంది. జలుబు చేసిన పిల్లలకు చెవిపోటు, చీము రావటానికి అదొక కారణం.

శంఖంలో మెట్లు

ఇక మూడో గది. ఇక్కడే మన శంఖం రెండున్నర చుట్లు చుట్టుకుని ఉన్నది. విప్పి చాచగలిగితే 35 మిల్లీమీటర్లు ఉంటుంది. పక్కనే ఉన్న మూడు అర్ధవలయాల గొట్టాలు మనం తూలి పడకుండా కాపాడేవి. వాటికి జబ్బు చేస్తే కళ్ళు తిరుగుతాయి.

శంఖం పొడవునా ఒక పొర, పొర మీద సుమారు 15,000 కణాలు, ఒక్కొక్క కణం తలమీద సన్నని నూగు. ద్రవం కదిలితే పొర ఊగుతుంది. నూగు వంగుతుంది. ఆ వంపు విద్యుత్తుగా మారి, నాడి వెంట మెదడుకు చేరుతుంది. చెవి శబ్దాన్ని అందిస్తుంది, దాన్ని మాటగా పోల్చుకునేది మెదడు.

దోమ రొదకూ డోలు మోతకూ తేడా ఎలా తెలుస్తుంది? హంగరీ దేశంలో టెలిఫోను పరిశోధనశాలలో పనిచేసిన బెకెషీ అనే ఆయన, చనిపోయినవారి చెవులను సూక్ష్మదర్శిని కింద పరీక్షించి ఈ చిక్కు విప్పాడు. కీచు ధ్వనులకు శంఖం మొదట్లోనూ, బొంగురు ధ్వనులకు కొసనా పొర ఎక్కువగా ఊగుతుంది. హార్మోనియం మెట్లవలె ఏ స్వరానికి ఆ చోటు! ఈ కృషికి 1961లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

రాలిన నూగు మొలవదు

ఒక విచారకరమైన సంగతి చెప్పక తప్పదు. పక్షుల చెవిలో చెడిన కణాలు మళ్ళీ పుడతాయి. మనిషి చెవిలో పుట్టవు. బంట్వారం నుంచి తాండూరు వైపు వెళితే నాపరాయి కోసి నునుపు చేసే యంత్రాల రొద వినిపిస్తుంది. 85 డెసిబెళ్ళ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించి ఉండరాదంటారు నిపుణులు. మోత మూడు డెసిబెళ్ళు పెరిగినప్పుడల్లా ఆ గడువు సగమవుతుంది. 88 అయితే నాలుగు గంటలు, 91 అయితే రెండే. ముందు పోయేది కీచు ధ్వనులు. అందుకే అలాంటివారు "వినపడుతున్నది గాని, మాట తెలియటం లేదు" అంటారు. చెవులకు రక్షణ తొడుగు పెట్టుకోవటం పిరికితనం కాదు. చెవిలో బొత్తాలు పెట్టుకుని హోరుగా పాటలు వినే మన ఇళ్ళలోని యువకులకూ ఈ మాట వర్తిస్తుంది.

పిల్లవాడి సంగతేమిటి?

అభిమన్యుడు తల్లి గర్భంలోనే పద్మవ్యూహం విన్నాడంటారు. వ్యూహం మాట ఏమోగాని, ఆరో నెల వచ్చేసరికి గర్భస్థ శిశువు చప్పుళ్ళకు స్పందిస్తాడని శాస్త్రం కూడా ఒప్పుకున్నది. తొలి మూడు నాలుగేళ్ళలో మెదడు భాషకు పునాదులు వేసుకుంటుంది. ఆ కాలంలో శబ్దం అందకపోతే, తరువాత అందినా మాట నేర్వటం కష్టం. అత్తగారు ఆగమన్న నాలుగేళ్ళు అవే సుమా!

బిడ్డ పుట్టిన నెలలో పరీక్ష, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు చికిత్స - ఇదీ వైద్యుల లెక్క. ఇంట్లో చప్పట్లు కొట్టి చూస్తే చాలదు. గాలి విసురు, నేల అదురు తగిలి కూడా పిల్లలు తిరుగుతారు. నిద్రపోతున్న పసివాడికే, సూది గుచ్చకుండా పరీక్ష చేసే యంత్రాలున్నాయి. హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ చెవి ముక్కు గొంతు ఆసుపత్రి, సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ సంస్థ శాఖ ఇందుకున్నవే.

వినికిడి యంత్రం సరిపోనివారికి మరో మార్గం ఉన్నది. చెవిటి తండ్రి కొడుకైన గ్రేమ్ క్లార్క్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు, శంఖపు మెలికలలోకి తీగను ఎలా పంపాలో తెలియక సతమతమయ్యాడు. 1977లో సముద్రతీరాన ఒక గుల్ల ఏరి, అందులోకి గడ్డిపోచ తోసి చూశాడు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పోచ చక్కగా మెలికలు తిరిగిపోయింది! మరుసటి ఏడే ఆయన ఒక రోగికి అటువంటి తీగను అమర్చాడు. చెడిన కణాలను దాటించి అది నాడికే సంకేతాలు పంపుతుంది. ఆరోగ్యశ్రీలో పసిపిల్లలకు ఈ శస్త్రచికిత్స ఉన్నది, అయితే వయసు మీరరాదు. శస్త్రచికిత్స తరువాత నెలల తరబడి మాట నేర్పే ఓపికా కావాలి. సైగల భాషతో చక్కగా చదువుకుని పైకి వచ్చినవారూ ఉన్నారు. ఏ దారి పట్టినా త్వరగా పట్టాలి.

ఇక కాగిన నూనె, ఆకు పసరు, తలపిన్నులు - ఇవి చెవి దరికి రానీయకండి.

అత్తగారి మాటలో ప్రేమ ఉంది. తల్లి అనుమానంలో నిజం ఉండవచ్చు. పరీక్షలో పిల్లవాడి చెవి బాగుందని తేలితే పోయేది ఒక రోజు, బస్సు ఛార్జీలు. తేలకపోతే దక్కేది వాడి నోట "అమ్మా" అనే మాట. రేపు పొద్దున మొదటి బస్సుకు అత్తాకోడళ్ళిద్దరూ పిల్లవాడిని ఎత్తుకుని బయలుదేరటమే మంచిది.