మీకు తెలుసా? గేటు కెమెరా కూడా ఒక టీవీ ఛానెలే!

అపార్ట్‌మెంటు గేటు దగ్గరి కెమెరా దృశ్యాన్ని ప్రతి ఇంటి టీవీలోనూ ఒక ఛానెల్‌గా చూపించవచ్చు. ఇంటింటికీ కొత్త వైరు లాగనక్కర్లేదు, ఇప్పటికే ఉన్న కేబులే చాలు. ఈ పని చేసేది మాడ్యులేటర్ అనే చిన్న పెట్టె. కెమెరా నుంచో డీవీడీ ప్లేయర్ నుంచో వచ్చే బొమ్మనూ శబ్దాన్నీ అది టీవీ ట్యూనర్ పట్టుకోగల రేడియో తరంగంగా మారుస్తుంది. కంబైనర్ ఆ తరంగాన్ని మిగతా ఛానెళ్లతో కలుపుతుంది.

అసలు మెలకువంతా ఖాళీ ఛానెల్‌ను వెతకడంలోనే ఉంది. మన అనలాగ్ పద్ధతిలో వీహెచ్‌ఎఫ్ అనే తరంగ శ్రేణిలో ఒక్కో ఛానెల్ వెడల్పు 7 మెగాహెర్ట్జ్. 5వ ఛానెల్‌నే తీసుకోండి: అది 174 నుంచి 181 దాకా ఉంటుంది. బొమ్మ 175.25 దగ్గర, శబ్దం 180.75 దగ్గర ప్రయాణిస్తాయి. అక్కడ ఇంకో ప్రసారం ఉంటే రెండూ కలిసి తెర నిండా గీతలే. పక్క ఛానెల్ కూడా ఖాళీగా ఉంటే ఇంకా నయం.

ఇక సిగ్నల్‌ను ఇళ్లకు పంచడానికి స్ప్లిటర్‌తో కేబుల్‌ను రెండుగా చీల్చిన ప్రతిసారీ సిగ్నల్ సుమారు 3.5 డెసిబెల్స్ తగ్గుతుంది. స్ప్లిటర్‌లో వాడని రంధ్రాన్ని 75 ఓమ్‌ల టెర్మినేటర్‌తో మూయాలి. చాలామంది వదిలేసేది ఇదే. మూయకపోతే సిగ్నల్ అక్కడ తగిలి వెనక్కి వస్తుంది, తెరపై నీడబొమ్మలు కనిపిస్తాయి.

అన్నట్టు, 1980ల్లో ముంబయి అపార్ట్‌మెంట్లలో ఒకే వీసీఆర్ నుంచి ఇళ్లన్నింటికీ సినిమాలు చూపించారు. మన దేశంలో కేబుల్ టీవీకి తొలి అడుగులు అవే.