కొండతోటలో పరదేశి శిష్యులు

నేడు పెర్మాకల్చర్ క్షేత్రములలో కూలి కోరక పనిచేయుటకై దేశాంతరములకు పోవు యువకులు పెక్కురు. వారికి అగ్రజులనదగినవారు జపానులో, షికోకు ద్వీపమందలి ఒక కొండతోటలో కనిపింతురు.

ఆ తోట మసనోబు ఫుకువోకాది (1913–2008). సస్యరోగ శాస్త్రజ్ఞుడైన ఆయన ఉద్యోగము విడిచి నాగలి పట్టెననుకొందురేమో, నాగలిని సైతము విడిచెను! దున్నక, రసాయనములు చల్లక, వరిగడ్డిని తిరిగి పొలముననే పరచి పంట తీసెను.

అది 1970వ దశకము. జపాను పల్లెల బిడ్డలు పట్టణములకు తరలిపోవుచుండగా విదేశీయులు ఆ కొండ నెక్కుట వింతయే. తిండిఖర్చు ఆయనది; జీతము లేదు, విద్యుద్దీపము లేదు. మట్టిగుడిసె, కట్టెలపొయ్యి, మోసితెచ్చుకొను ఊటనీరు. "ఏమియు చేయని సేద్యము" అను మాట నమ్మి వచ్చినవారి చేతికి కొడవలి యందెను. కమలాతోటలో కలుపు కోయవలె, విత్తనములను బంకమట్టి ఉండలలో చుట్టవలె. ఆయన మానినది అక్కరలేని పనినే యని నడుము నొచ్చిన పిదప గాని వారికి తెలియలేదు.

అట్లు వచ్చిన అమెరికా యువకుడు లారీ కార్న్ రెండేండ్లకు పైగా నిలిచెను. మిత్రులతో కూడి గురువు గ్రంథమును ఆంగ్లీకరింపగా 1978లో అది అమెరికాలో అచ్చయ్యెను. తెలుగువారు 'గడ్డిపరకతో విప్లవం' అను పేర చదువుకొనునది ఆ గ్రంథమే.